మూడో చెంచా

ఆ ఉదయం మట్టం మాస్టారు పెట్టుకున్న పని చాలా చిన్నది. రెండు బ్రెడ్డు ముక్కలకు రెండు చెంచాల పీనట్ బటర్ రాసుకుని తినాలి, టీ తాగాలి, వెళ్ళి ఏడు గంటల బస్సు తియ్యాలి. ఇందులో గుండెలు జారిపోవాల్సిందేమీ లేదు. అయినా సీసా మూత తీసి లోపల మట్టం చూసుకున్నాక ఆయనకు నిజంగానే గుండె జారింది.

సీసాలో సరుకు తగ్గింది. తను తిన్నదానికంటే ఎక్కువ తగ్గింది.

ఆయన పాఠాలు చెప్పే మాస్టారు కాదు, సిటీ బస్సు డ్రైవరు. ఇరవై రెండేళ్ళుగా ఇంజన్ ఆయిలు మట్టం చూసుకోనిదే బండి తాళం తిప్పి ఎరగడు. ఆయిలు కొలిచే పుల్ల బయటికి లాగాలి, గుడ్డతో శుభ్రంగా తుడవాలి, మళ్ళీ ముంచాలి, అప్పుడు తీసి చూడాలి. "తుడవకుండా చూసిన మట్టం మట్టమే కాదు" అని కొత్త డ్రైవర్లకు వద్దన్నా వినిపిస్తాడు కాబట్టి డిపోలో అందరూ కలిసి ఆ పేరు తగిలించారు. ఇన్నేళ్ళలో ఆయన బస్సు ఎవరినీ గీరలేదు, దేన్నీ గుద్దలేదు. జనం అది నైపుణ్యం అనుకుంటారు గానీ, కాదు, భయం. ఆ మనిషికి పుట్టుకతోనే భయం ఎక్కువ.

ఇప్పుడా భయానికి గట్టి ఆధారమే దొరికింది. వచ్చే సోమవారం డిపోలో ఏడాదికోసారి చేసే ఆరోగ్య పరీక్ష. అందులో తప్పితే స్టీరింగు చేతికివ్వరు, టిక్కెట్ల గదిలో కూర్చోబెడతారు. పోయినసారి రక్తంలో కొవ్వు కొంచెం ఎక్కువుందన్నారు. అందుకని ఆయన భార్య వెన్న మానిపించి, ఎవరో చెప్పారని ఈ పీనట్ బటర్ సీసా కొనుక్కొచ్చింది. పేరులోనే బటర్ ఉంది, వెన్నకు ఇది చుట్టమేమో అన్న అనుమానంతో మాస్టారు సీసాను చంకన పెట్టుకుని తిన్నగా డిపో డాక్టరు దగ్గరికి వెళ్ళాడు.

డాక్టరు గారు సీసా తిప్పి తిప్పి చూశారు. "భేషుగ్గా తినొచ్చయ్యా. ఉప్పు లేదు, చక్కెర లేదు, ఉత్త పల్లీలే. ఇందులో ఉన్నది గుండెకు మంచి చేసే కొవ్వే. కాకపోతే బలమైన తిండి, కొలత ఉండాలి. రోజుకు రెండు చెంచాలు. మూడో చెంచా తిన్నావనుకో..."

అంతలో ఫోను మోగింది. వర్క్‌షాపులో ఎవరో జారిపడి కాలు విరగ్గొట్టుకున్నారట. "కదిలించకండి, వస్తున్నా" అంటూ డాక్టరు గారు సంచీ అందుకుని పరిగెత్తారు. మూడో చెంచా తింటే ఏమవుతుందో అది కూడా ఆయనతోనే వెళ్ళిపోయింది.

తినొచ్చు అన్న మాట విన్నవాడు హాయిగా ఇంటికి పోవాలి. మాస్టారు ఆ మాట అక్కడే వదిలేసి, చెప్పకుండా మిగిలిపోయిన సగం మాటను మాత్రం భద్రంగా ఇంటికి మోసుకొచ్చాడు. ఏమవుతుంది? కళ్ళు తిరుగుతాయా? గుండె పట్టేస్తుందా? పట్టేస్తే ఇంట్లో పట్టేస్తుందా, నలభై మందిని ఎక్కించుకుని వంతెన మీద పోతుండగా పట్టేస్తుందా?

అందుకే మొదటి రోజు నుంచీ కాపలా పెట్టాడు. భార్య కుట్టుమిషను సొరుగులోంచి స్టీలు స్కేలు తీసి, కడిగి, సీసా అడుగు తగిలేదాకా దించాడు. బండి అయినా సీసా అయినా పద్ధతి పద్ధతే. తీశాడు, తుడిచాడు, మళ్ళీ ముంచాడు, చూశాడు, ఇంకోసారి తుడిచి గోడ మీది క్యాలెండరులో రాసుకున్నాడు. తినడం కూడా అంతే నిష్ఠ. చెంచా నింపి, పైన చాకుతో గీకి చదును చేసి, రెండంటే రెండే. ఆయన అంచనా ప్రకారం రోజుకు స్కేలు మీద నాలుగు గీతలు దిగాలి. పన్నెండు గీతలు దిగింది.

"ఏమే, ఇందులోంచి నువ్వేమైనా తిన్నావా?"

"నేనా? ఆ జిగురు చూస్తేనే నాకు కడుపులో తిప్పుతుంది" అంది భార్య. "తినేది మీరూ, అనుమానం నా మీదా? పైగా వంటింటి గుడ్డలన్నీ జిడ్డు చేసి పెడుతున్నారు, ఉతకలేక చస్తున్నాను."

మాస్టారు చూపు మెల్లగా అత్తగారి మీదికి తిరిగింది. ఆవిడ ఆ చూపు పసిగట్టింది.

"నా వైపు చూడకు అల్లుడూ. కొన్న రోజే వేలెడంత నోట్లో వేసుకున్నాను. పై పళ్ళసెట్టు కింది పళ్ళసెట్టుకు అతుక్కుపోయి, పూటంతా మాట పెగల్లేదు. మళ్ళీ దాని జోలికెళ్తే ఒట్టు!"

ఆ పూట ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో మాస్టారికి బాగా గుర్తుంది. అందుకే ఆవిడ మాట వెంటనే నమ్మాడు.

నమ్మాక భయం ఇంకా పెరిగింది. ఆ రోజు సీసాను ఇనుప బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి తలగడ కింద పెట్టుకున్నాడు. పడుకోబోయే ముందు ఓసారి మట్టం చూశాడు, మనసు ఊరుకోక ఇంకోసారి చూశాడు. తెల్లారి లేచి చూస్తే పద్దెనిమిది గీతలు తక్కువ. తాళం వేసినట్టే ఉంది. తాళంచెవి తన తల కిందే ఉంది. ఇంట్లో మిగిలిన దొంగ ఒక్కడే, వాడు అద్దంలోంచి గుడ్లు మిటకరించి చూస్తున్నాడు.

ఆ సంగతి ఆయన కండక్టరుకు చెప్పుకున్నాడు. కండక్టరు మంచివాడు, పదకొండేళ్ళుగా ఒకే బండి మీద ఇద్దరూ పనిచేస్తున్నారు. అతనికున్న లోపమల్లా ఏ విషయం మీదైనా ఎక్కడో ఏదో చదివి ఉండడం.

"అన్నా, భయపెడుతున్నానని కాదు గానీ," అని మొదలుపెట్టాడు కండక్టరు. అలా మొదలుపెట్టినవాళ్ళెవరూ ఇంతవరకూ ధైర్యం చెప్పి ఎరగరు. "కొందరికి నిద్రలో లేచి తినే జబ్బు ఉంటుందట. తాళాలు తీస్తారు, తింటారు, మళ్ళీ తాళాలు వేసి పడుకుంటారు. పొద్దున్న ఏమీ గుర్తుండదట. కొందరైతే నిద్రలోనే బండి కూడా నడిపేస్తారట."

"బండా?"

"చదివానన్నా."

ఇన్నాళ్ళూ మాస్టారు మూడో చెంచా గురించి భయపడ్డాడు. ఇప్పుడు చూస్తే రోజుకు ఎనిమిదో తొమ్మిదో చెంచాలు తింటున్నట్టు, అదీ నిద్రలో! ఆ మధ్యాహ్నం ఆయన సీసాను, స్కేలును బస్సులోకి తెచ్చి తన సీటు కింది పనిముట్ల పెట్టెలో పెట్టి తాళం వేశాడు. సాయంత్రం బస్సు డిపోలో ఉండిపోతుంది, తను నాలుగు కిలోమీటర్ల అవతల ఇంట్లో ఉంటాడు. నిద్రలో అంత దూరం నడిచొచ్చి తినడు కదా.

మర్నాడు సీసా ఇంకా దిగింది. మాస్టారు గబగబా తన చెప్పులు తిప్పి చూసుకున్నాడు. అడుగున బురద! ముందు రోజు సాయంత్రం వాన పడిందనీ, డిపోలో ఉన్న ప్రతి చెప్పుకీ అదే బురద ఉందనీ ఆయనకు తట్టలేదు. భయపడ్డవాడికి ఒక్క చెప్పు చాలు. అప్పటి నుంచి ప్రతి ట్రిప్పు చివరా బండి ఆపడం, పెట్టె తెరవడం, స్కేలు ముంచడం, తుడవడం, ముంచడం, చూడడం, మళ్ళీ తుడిచి ఆ గుడ్డను పెట్టెలో ఓ మూల కుక్కడం. చూసిన ప్రతిసారీ మట్టం దిగుతూనే ఉంది.

సోమవారం వచ్చింది. ఆరు గంటలకే డిపోలో రక్తం తీసుకుని, ఫలితం మధ్యాహ్నం చెప్తామని పంపేశారు. మాస్టారు బండి ఎక్కి కండక్టరును పక్కకు పిలిచాడు.

"తమ్ముడూ, ఈ రోజంతా నా మీద ఓ కన్నేసి ఉంచు. ప్రతి స్టాపులో మెలకువగా ఉన్నానా లేదా అడుగు."

కండక్టరు మాటంటే మాటే. ఆరేళ్ళుగా కిర్రుమంటున్న ఆ బస్సు ముందు తలుపు ఏ స్టాపులో తెరుచుకున్నా, ఆ చప్పుడు వెంటే అతని గొంతు కూడా వినపడసాగింది.

"అన్నా, మెలకువేనా?"

"మెలకువే!"

నాలుగో స్టాపుకు ముందు సీట్లో ముసలావిడకు అనుమానం వచ్చింది. "ఏం నాయనా, డ్రైవరు నిద్రపోతాడా?"

"పోడమ్మా" అన్నాడు కండక్టరు, ఆవిడకు ధైర్యం చెబుదామనుకుని. "ఇప్పటిదాకా బండిలో నిద్రపోయినట్టు లేదు."

అయిదో స్టాపులో బస్సు మొత్తం ఖాళీ అయింది. దిగాల్సినవాళ్ళు ఇద్దరే. మిగతావాళ్ళు ఒకరినొకరు తోసుకుంటూ దిగి, నలుగురైదుగురు అక్కడికక్కడే డిపోకు ఫోన్లు చేశారు.

ఖాళీ బస్సులో చివరి స్టాపు చేరి మాస్టారు పెట్టె తెరిచాడు. స్కేలు దించాడు, తుడిచాడు, దించాడు. సీసా అడుగు కనపడుతోంది. బయల్దేరేటప్పుడు రెండు వేళ్ళ మందం ఉంది, ఇప్పుడు ఒక వేలు కూడా లేదు.

"తమ్ముడూ, పొద్దుట్నుంచీ నా పక్కనే ఉన్నావు కదా! నేను తినడం చూశావా?"

"చూళ్ళేదన్నా."

"నేను తిన్నాను, నువ్వు చూళ్ళేదు." మాస్టారు సీసా మూత బిగించాడు. "అంటే నువ్వూ నిద్రపోయావన్నమాట!"

ఈ సంగతి కండక్టరు ఎక్కడా చదవలేదు. తిరుగు దారిలో ఇద్దరూ ఒకరినొకరు "మెలకువేనా" అని అడుగుతూ బండిని నడక వేగంతో డిపోకు చేర్చారు.

వాళ్ళకంటే ముందే కబురు చేరింది, చేరేలోపు పెరిగింది కూడా. డ్రైవరు కళ్ళు తెరుచుకునే నిద్రపోయాడనీ, బస్సు ఫుట్‌పాత్ ఎక్కిందనీ, కండక్టరు కిటికీలోంచి దూకాడనీ చెప్పుకుంటున్నారు. మేనేజరు గారు బండిని మెకానిక్కుకు అప్పగించి, మాస్టారిని మూడు గంటలకు తన గదికి రమ్మన్నారు. రక్త పరీక్ష కాగితాలతో డాక్టరు గారు కూడా అక్కడే కూర్చుని ఉన్నారు.

ఎవరూ ఏమీ అడగకముందే మాస్టారు జేబులోంచి బస్సు తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇవి తీసుకోండి సార్. నేనేం తింటున్నానో నాకే తెలియట్లేదు. తెలివిలో ఉన్నానో లేదో అంతకంటే తెలియట్లేదు. నన్ను నమ్మి నలభై మంది వెనక కూర్చుంటారు, ఒడిలో పిల్లలతో కూర్చుంటారు. వాళ్ళకేమన్నా అయితే నేను బతకలేను. నాకు చాలా భయంగా ఉంది సార్." ఇరవై రెండేళ్ళుగా పట్టుకున్న తాళాలు. వదిలిన చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి దాచుకున్నాడు.

మేనేజరు గారు ఏదో అనబోయేలోగా తలుపు తోసుకుని మెకానిక్కు వచ్చాడు. అతని రెండు చేతుల్లోనూ గుడ్డ పీలికలు.

"సార్, ఆ బండి రోడ్డెక్కడానికి వీల్లేదు. ఎక్కడో గట్టిగా లీకవుతోంది. సీటు కింద ఈ గుడ్డలు ముప్పై దాకా దొరికాయి. ఇదేం గ్రీజో నాకు అంతుపట్టట్లేదు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇలాంటిది చూళ్ళేదు. ఇంజన్ సగం విప్పేశాను, ఎక్కడ్నుంచి కారుతోందో దొరకలేదు!"

డాక్టరు గారు ఒక గుడ్డ అందుకుని వాసన చూశారు. తర్వాత వేలితో కాస్త తీసి నాలిక మీద పెట్టుకున్నారు. మెకానిక్కు "అయ్యో సార్!" అని అరిచాడు.

"ఉప్పు లేదు, చక్కెర లేదు" అన్నారు డాక్టరు గారు. "ఉత్త పల్లీలే. ఏమయ్యా, నువ్వా సీసాతో ఏం చేస్తున్నావు?"

"మట్టం చూస్తున్నాను సార్."

"ఎలా?"

మట్టం ఎలా చూడాలో ఆయన్ని అడిగినవాళ్ళు లేరు, ఎప్పుడూ ఆయనే చెప్పాలి. అంత భయంలోనూ మాస్టారికి కాస్త హుషారు వచ్చింది. పెట్టెలోంచి సీసా, స్కేలు తెప్పించి, మిగిలిన అడుగు సరుకులో స్కేలు ముంచి తీశాడు. స్కేలుకు రెండు వైపులా మందంగా పట్టుకొచ్చింది. "తుడవకుండా చూసిన మట్టం మట్టమే కాదు" అంటూ దాన్నంతా శుభ్రంగా గుడ్డకు తుడిచాడు.

"ఆగు" అన్నారు డాక్టరు గారు. ఆ గుడ్డ మీదిదంతా చెంచాతో గీకించారు. చెంచా నిండి, రెండో చెంచాలో సగానికి వచ్చింది. "ఇలా రోజుకు ఎన్నిసార్లు చూస్తావు?"

"మొదట్లో రెండుసార్లే సార్. తగ్గిపోతోందని భయం వేసి..." మాస్టారు వేళ్ళ మీద లెక్కపెట్టాడు. "ఇప్పుడు ఎనిమిది, తొమ్మిది."

తలుపు దగ్గర నిలబడి వింటున్న కండక్టరు "అయితే నేనూ మెలకువే!" అని గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు.

"నువ్వు తిన్నది రోజుకు రెండు చెంచాలే" అన్నారు డాక్టరు గారు కాగితాలు ముందుకు జరిపి. "మిగతాది గుడ్డలు తిన్నాయి. రక్తంలో కొవ్వు ఉండాల్సినంతే ఉంది. ఇలాగే తిను, కొలవడం మానెయ్."

మేనేజరు గారు తాళాలను వేలితో నెమ్మదిగా మాస్టారి వైపు నెట్టారు. "మీరు పట్టుకోండి వీటిని. అనుమానం వచ్చిందని తనంతట తానే తాళాలు తెచ్చి బల్ల మీద పెట్టిన డ్రైవరును నేనింతవరకూ చూళ్ళేదు. నా పిల్లలు బడికి వెళ్ళేది మీ బస్సులోనే. వెళ్ళి బండి తియ్యండి."

మాస్టారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తాళాలు గుప్పిట్లో బిగించి పట్టుకున్నాడు.

"ఏ బండి సార్?" అన్నాడు మెకానిక్కు. "విప్పేశానని చెప్పాను కదా!"

బయటికి వస్తూ మాస్టారు డాక్టరు గారిని వరండాలో ఆపాడు. అడగాలంటే భయం, అడక్కపోతే ఈ జన్మకు నిద్ర పట్టదు.

"సార్, ఆ రోజు ఫోను వచ్చి ఆపేశారు. మూడో చెంచా తింటే ఏమవుతుంది?"

డాక్టరు గారు నుదురు రుద్దుకుని గుర్తు తెచ్చుకున్నారు. "ఓ, అదా? ఆ పూట ఒక బ్రెడ్డు ముక్క తగ్గించుకోమని చెప్పబోయాను."

ఇంజన్ బిగించి బండిని మళ్ళీ రోడ్డు మీదికి పంపడానికి మెకానిక్కుకు రెండు రోజులు పట్టింది. చేతికందిన ఆ గుడ్డలతోనే అతను బండంతా తుడిచి పంపాడు. ఆరేళ్ళుగా ఏ గ్రీజుకూ లొంగని ముందు తలుపు మాత్రం, మాస్టారి అత్తగారిలాగే, ఆ పూట నుంచి నోరెత్తలేదు.