ఎదురొచ్చిన పిల్లికూన

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఐదుగురు: మిల్లుకు బయలుదేరబోతున్న తిరుపతి, పిల్లి వద్దంటే వద్దన్న అతని భార్య శోభ, శకునాలు చూసే తల్లి లక్ష్మీనర్సమ్మ, ఎవరి ముందూ నోరు విప్పని కూతురు జ్యోత్స్న, ఆమె ఒళ్లో ఒక పిల్లికూన. కూన ముంగాళ్లు పుట్టుకతోనే పొట్టిగా, లోపలికి వంకరగా ఉన్నాయి. ఉడుతలా వెనక కాళ్లమీద కూర్చోవడం దానికి బాగా వచ్చు. నడకే రాదు.

పొద్దున అనుకున్నది చిన్న పనే. గరిడేపల్లి నుంచి వడ్ల ట్రాక్టరు మిర్యాలగూడ మిల్లుకు పోతుంది. కూననూ తీసుకుపోయి అక్కడ వదిలేయాలి.

"గాడ ఎలుకలకు కొదవ లేదు, బతుకుతది," అంది శోభ.

ఈ కాళ్లతో ఎలుకను ఎట్లా పడుతుందని జ్యోత్స్న అడగాలనుకుంది. కూనను ఎత్తుకుని మెల్లగా బయటికి జారుకుంది.

తిరుపతి ఖాళీ సంచి భుజాన వేసుకుని గడప దాటాడు. ఎదురుగా కూన!

"పిల్లి ఎదురొచ్చిందిరా! లోపటికొచ్చి, నీళ్లు తాగి పో," అంది లక్ష్మీనర్సమ్మ.

"దీన్నే తీస్కపోతున్న గదనే అమ్మా! ఇది లెక్కకొస్తదా?"

"నీతోని వచ్చేదైతే ఎనక రావాలె. ఎదురెందుకొస్తది?"

తిరుపతి లోపలికి మళ్లాడు. చెంబెడు నీళ్లు తాగి వచ్చేసరికి కూన లేదు. పెరటి తలుపు తీశాడు. అక్కడ, రుబ్బురోలు పక్కన, చేతులు ముడుచుకున్నట్టు కూర్చుని చూస్తోంది. ఇంకో చెంబు. పశువుల కొట్టం వైపు నుంచి పోయాడు. గడ్డిమీద అదే కూన. మరో చెంబు.

"అన్నా, మిల్లుకాడ లైను పెరుగుతది!" అని ట్రాక్టరు యాదయ్య దిగి వచ్చాడు. సంగతి విని గోడకు చేరగిలబడ్డాడు. "అట్లయితే నాకూ ఓ చెంబియ్యి వదినా."

కోదాడ బస్సుకు పోతున్న పక్కింటి నాగమణి కూడా ఆగింది. "కాళ్లు సక్కగ లేని పిల్లి మూడు దిక్కుల ఎట్ల తేలిందే?"

"అది ఉత్త పిల్లి కాదు. శోభా, కుంకుమ తే," అంది లక్ష్మీనర్సమ్మ. బొట్టు పెట్టించుకుని కూన తుమ్మింది. తుమ్ము కూడా శకునమే కాబట్టి అందరూ మళ్లీ నీళ్లు తాగారు.

బర్రెకు సూది వేయడానికి నాగమణి ఇంటికి వచ్చిన పశువుల డాక్టర్ జవహర్, గుంపు చూసి లోపలికి వచ్చాడు. కూన కాళ్లు మెత్తగా తడిమాడు.

"తల్లి కడుపులనే ఎముకలు సరిగ ఎదగలే. నొప్పి లేదు. ఇంట్ల మెత్తటి జాగల ఉంచితే మంచిగ బతుకుతది. మిల్లుల ఇడిస్తే ఉరకలేదు, కుక్కలకు చిక్కుతది." ఆగి తల గోక్కున్నాడు. "కానీ ఇది వాకిలి దాటాలన్నా పొద్దు గూకుతది. మూడు తలుపులకాడికి ఎట్లొచ్చిందమ్మా?"

అందరి చూపూ జ్యోత్స్న మీద పడింది. జడలో గడ్డిపరక, పాదానికి పేడ, ఓణీ నిండా పిల్లి బొచ్చు.

"నడవలేదు గద... నేనే ఎత్తుకొచ్చిన," అంది, తల ఎత్తకుండా.

"మరి నేను తాగిన నీళ్లు?" అన్నాడు యాదయ్య.

తిరుపతికి నవ్వు వచ్చింది కానీ, కడుపులో నీళ్లు నవ్వనివ్వలేదు. శోభ మాత్రం నవ్వలేదు. మొగుడి భుజం మీది సంచి లాక్కుని, కూనను చేతిలోకి తీసుకుని, విసవిసా లోపలికి పోయింది.

"అమ్మా, సంచిల ఎయ్యకే!" జ్యోత్స్న వెంట పరుగెత్తింది.

గది మూలన సంచి పరచి ఉంది. దాని మీద శోభ పాత చీర మడత. మడత మీద కూన.

"సప్పుడు జెయ్యకు. ఇప్పుడే పన్నది," అని శోభ కూతురి ముఖం మీదే తలుపు మూసింది.

ఇన్నేళ్లలో జ్యోత్స్న పడుకున్నప్పుడు ఆ తలుపు మూసిన పాపాన ఆ ఇంట్లో ఎవరూ పోలేదు.