ఎడమ భుజం, అరంగుళం

మగవాడు తనకు నప్పే లెదర్ జాకెట్‌ను తానే ఎంచుకోగలడన్న అపోహ సమాజంలో ఇంకా అక్కడక్కడా మిగిలి ఉండవచ్చు గానీ, రికార్డుల కార్యాలయం దాన్ని ఏనాడో నిర్మూలించింది. అక్కడ సెక్షన్ అధికారి కావాలంటే పన్నెండేళ్ల సర్వీసు, మచ్చలేని నడవడి, నప్పే జాకెట్ ఉండాలి. మొదటి రెండూ లేనివారు మినహాయింపు కోరవచ్చు. (మూడోదానికి మినహాయింపు లేదు.)

ఈ నిబంధన ఊరికే పుట్టలేదు. ఆ ఆఫీసులో కుర్చీ వీపుకు జాకెట్ తగిలించి ఉంటే అధికారి ఉన్నట్టు లెక్క. సారు ఉన్నారా అని ఎవరొచ్చి అడిగినా అటెండరు తల తిప్పకుండానే జాకెట్ వైపు చెయ్యి చూపిస్తాడు. పాత అధికారి నల్ల జాకెట్ అలా పద్నాలుగు నెలలు ఒక్క సెలవూ పెట్టకుండా విధులు నిర్వహించింది. ఆయన రిటైరైపోయాడన్న సంగతి, ఈ చలికాలానికైనా జాకెట్ ఇప్పించండని ఆయన భార్య వచ్చి అడిగితే గానీ బయటపడలేదు.

అలా ఖాళీ అయిన కుర్చీకి వరసలో ఉన్నది గుమాస్తా. వీధిలో అందరూ అతన్ని డిగ్రీ అంటారు, వాళ్ల వంశంలో అది తెచ్చుకున్న మొదటివాడు కనక. తండ్రి దర్జీ. కొడుకు కుర్చీలో కూర్చుని పనిచేస్తుంటే ఒక్కసారి కళ్లారా చూడాలని ఆయన కోరిక. పన్నెండేళ్లుగా డిగ్రీ కూర్చున్నది స్టూలు మీద. ఇప్పుడు శుక్రవారం నాలుగింటిలోగా నప్పుదల కమిటీ ముందు జాకెట్‌ను హాజరుపరిస్తే కుర్చీ అతనిది. లేకపోతే వరసలో తర్వాతివాడిది. (తర్వాతివాడికి జాకెట్ అప్పటికే ఉంది.)

డిగ్రీ పరీక్షలకు చదివినట్టే చదివాడు. నిబంధనల కింద గీతలు గీశాడు. కార్యాలయం వారి యాప్‌లో ఫోటో ఎక్కిస్తే, మీ శరీరం త్రికోణమా, దీర్ఘచతురస్రమా, కోడిగుడ్డా అని అడిగింది. అబద్ధం రాయడం ఇష్టం లేక 'తెలియదు' అని నొక్కాడు. గుర్తింపు కార్డుతో దగ్గరలోని దుకాణంలో లొంగిపొమ్మన్న ధోరణిలో యాప్ జవాబిచ్చింది.

దుకాణంలో టోకెన్ తీసుకుని గంటన్నర కూర్చున్నాక సేల్స్‌మన్ అతన్ని చుట్టూ తిరిగి చూశాడు. సన్నగా ఉన్నవాళ్లకి నిగనిగలాడే నల్ల తోలు వద్దన్నాడు, ఇంకా చిక్కినట్టు కనిపిస్తారట. నూగులాంటి మెత్తటి స్వేడ్ తోలు అయితే ఒంటికి కాస్త కండ అరువిస్తుందన్నాడు. అంచు నడుము బెల్టు దగ్గర ఆగాలి, భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక మీద కూర్చోవాలి. అన్నీ కుదిరిన గోధుమరంగు జాకెట్ ఒకటి తొడిగి, రెండడుగులు వెనక్కి వేసి పెదవి విరిచాడు.

"భుజాలు సమంగా లేవు సార్."

"ఇంకో జాకెట్ చూపిస్తారా?"

"జాకెట్‌వి కాదు సార్. మీవి."

అది నిజమే. చిన్నప్పుడు తండ్రి కుట్టిన బట్టల మూటలు ఇల్లిల్లూ మోసి మోసి డిగ్రీ ఎడమ భుజం కిందికి జారింది. ఆ భుజం మీద మోసిన మూటలే అతని ఫీజులు కట్టాయి.

కొని తెచ్చిన ఆ జాకెట్‌ను ఇంట్లో తండ్రి కొడుక్కి తొడిగి, టేపు ముట్టకుండానే "అరంగుళం" అన్నాడు. తోలుకి సూది తప్పితే ఆ చిల్లు పోదు కాబట్టి తోలు జోలికి పోలేదు. లోపలి లైనింగ్ విప్పి, ఎడమ భుజం కింద మెత్త పెట్టి, మళ్లీ కుట్టడానికి మధ్యాహ్నమంతా పట్టింది. తొడుక్కుని నిలబడితే రెండు భుజాలూ గీత గీసినట్టున్నాయి.

"పెళ్లినాడు ఇలా ఉండుంటే అప్పుడే తలెత్తి చూసేదాన్ని" అంది డిగ్రీ భార్య.

గురువారం కమిటీ కూర్చుంది. అధ్యక్షుడు, కార్యదర్శి, కొలతల సభ్యుడు. డిగ్రీ జాకెట్‌తో నిలబడగానే, అది విప్పి పక్కకు జరగమన్నారు. జాకెట్‌ను కుర్చీకి తగిలించి, దూరం నుంచి పది నిమిషాలు చూశారు. కొలతల సభ్యుడు తాపీమేస్త్రీలు వాడే రసమట్టం తెచ్చి భుజాల మీద పెట్టాడు. ఎడమ భుజం అరంగుళం లేచిందని కార్యదర్శి నమోదు చేసుకున్నాడు.

"నేను వేసుకుంటే సమంగా ఉంటుందండీ" అన్నాడు డిగ్రీ.

అధ్యక్షుడు దయగల మనిషి. "నువ్వు వేసుకునేది ఎంతసేపయ్యా? గేటు నుంచి సీటు దాకా. మిగతా ఎనిమిది గంటలూ కుర్చీయే కదా వేసుకోవాలి."

ఆ మాటకు జవాబు కోసం డిగ్రీ నిబంధనల్లో వెతికాడు, దొరకలేదు.

సంగతి విని తండ్రి కళ్లద్దాలు పెట్టుకుని, కుర్చీ కొలతలు తెచ్చావా అని అడిగాడు. డిగ్రీ తెచ్చాడు, మూడు ప్రతుల్లో. తండ్రి లైనింగ్ విప్పి ఎడమ భుజం మెత్త తీసేశాడు.

"మంచి కస్టమర్ రా" అన్నాడు దారం కొరుకుతూ. "కొలతలిచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టదు."

శుక్రవారం జాకెట్ తొంభై ఎనిమిది శాతంతో నెగ్గింది. నియామక పత్రంతోపాటు చిన్న ఉపనిబంధన జతచేశారు. ఆనుకుంటే స్వేడ్ నలుగుతుంది కాబట్టి, జాకెట్ విధుల్లో ఉండగా సదరు కుర్చీలో ఎవరూ కూర్చోరాదు. అధికారి తన పనిని పాత చోటనే కొనసాగించవచ్చు. (కొనసాగించాలి.)

సోమవారం తండ్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని, మధ్యాహ్నం భోజనం డబ్బాతో కొడుకు ఆఫీసుకు వెళ్లాడు. ఆ సమయానికి సెక్షన్ అధికారి కింది గదిలో రికార్డుల కట్టలు ఎడమ భుజం మీద మోస్తున్నాడు. సారు ఉన్నారా అని అడిగితే అటెండరు తల తిప్పకుండా చెయ్యి చూపించాడు.

తండ్రి గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశాడు. లోపలికి వెళ్లి, కొద్దిగా జారిన ఎడమ భుజాన్ని వేలితో సరిచేశాడు. డబ్బా బల్ల మీద, జాకెట్ ముందు పెట్టాడు.

"ఇంట్లో ఎప్పుడూ ఇంత నిటారుగా కూర్చోడండీ" అన్నాడు అటెండరుతో.

వెళ్లేముందు సందర్శకుల పుస్తకంలో సంతకం చేశాడు. 'అధికారిని కలిశారా?' అన్న గడిలో, కూడబలుక్కుంటూ, అవును అని రాశాడు.