నల్ల టోపీల కుకీలు

ఆ శుక్రవారం పొద్దున కొరీన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పెద్దాడు ఓటిస్‌ని బడి బస్సెక్కించాలి. చిన్నది జూనీ ఆటలో పడగానే, నిన్న నల్ల ఐసింగు పూసి ఆరబెట్టిన కుకీలకి పసుపు కుచ్చులు దిద్దాలి. అంతే.

పక్కింటి లోర్నా కూతురు హైస్కూలు పాసయింది. మర్నాడు పెరట్లో విందు. దానికి గ్రాడ్యుయేషన్ టోపీల ఆకారంలో కుకీలు కావాలని లోర్నా తనే వచ్చి అడిగింది. కొరీన్‌కి నమ్మబుద్ధి కాలేదు. పిల్లలతో ఇంట్లోనే ఉంటే మతి పోతుందని ఈ సరదా మొదలుపెట్టింది గానీ, ఇంతవరకూ ఆమె కళని గుర్తించినవాళ్ళు లేరు. క్రిస్మస్‌కి చేసిన మంచుబొమ్మ కుకీని చూసి అత్తగారు జెనీవా, "పన్ను భలే కుదిరిందమ్మా, దంతాల డాక్టరుగారికా?" అంది. ఈస్టరు కుందేలుని చూసి జూనీ జడుసుకుంది.

నల్లరంగు రప్పించడం కూడా అంత తేలిక కాలేదు. కొంచెం వేస్తే బూడిదరంగు, ఇంకొంచెం వేస్తే ముదురు బూడిదరంగు. విసుగొచ్చి సీసా మొత్తం ఒంపేసింది. అంత రంగు తిన్న నోరు ఏమవుతుందన్నది ఆమెకి తట్టనే లేదు.

పొద్దున ఆమె జూనీకి డైపరు మారుస్తుండగా ఓటిస్ రెండు టోపీలు మింగేశాడు. "వాటిమీద చెయ్యి వేశావో, ఊరుకోను" అని అమ్మ ముందే చెప్పింది. కాబట్టి చెయ్యి వెయ్యకుండా నోటితోనే అందుకున్నాడు.

బడిలో నర్సు హావర్‌క్యాంప్ నీలంగా మారిన వాడి పెదాలు చూసి బిత్తరపోయింది. "ఏం తిన్నావు నాన్నా?"

"ఏం తినలేదు."

"చలేస్తోందా?"

లెక్కల క్లాసు తప్పేలా ఉందని కనిపెట్టి, "చాలా" అన్నాడు ఓటిస్.

"ఊపిరాడుతోందా?"

"కొంచెం కొంచెం."

నర్సు అంబులెన్సుకి ఫోను చేసి, తర్వాత ఇంటికి చేసింది. ఇంట్లో మిక్సరు మోత. కొరీన్‌కి వినిపించలేదు. దాంతో నర్సు, ధాన్యం గోదాములో పనిచేస్తున్న ఆమె మొగుడు వెండెల్‌కి చేసింది. వెండెల్ బడికి పరిగెత్తుతూ తల్లికి ఫోను చేశాడు. "అమ్మా, ఓటిస్ పెదాలు నీలంగా అయ్యాయట. కొరీన్ ఫోనెత్తట్లేదు, నువ్వెళ్ళి చెప్పు."

జెనీవా వెళ్ళేముందు చర్చి స్నేహితురాలికి ఒక్క ఫోను చేసింది. ఆపదొస్తే ప్రార్థించమని ఒకరికొకరు చెప్పుకోవడం, ఆ ఇంటికి ఏదో ఒకటి వండి పట్టుకెళ్ళడం వాళ్ళ ఆనవాయితీ. మొదటి ఫోనులో నీలం పెదాలే. రెండు మూడు ఫోన్లు దాటేసరికి గుండెజబ్బు. ఆ తర్వాత హెలికాప్టరు.

కొరీన్ మిక్సరు ఆపి, పసుపు ఐసింగు సంచీలో నింపుతుండగా తలుపు గంట మోగింది. ఎదురుగా లోర్నా. చేతిలో చీజు వేసి కాల్చిన బంగాళాదుంపల గిన్నె, కళ్ళనిండా నీళ్ళు.

"ధైర్యంగా ఉండు కొరీన్. హెలికాప్టర్లో తీసుకెళ్ళారటగా?"

"ఎవర్ని?"

"అయ్యో! నీకింకా తెలీదా? ఓటిస్‌నే!"

కొరీన్ "జూనీని చూస్తుండు" అని, చేతిలో ఐసింగు సంచీతోనే కారెక్కి బడివైపు దూసుకెళ్ళింది. పొద్దున వాడు ముద్దు పెట్టబోతే, "పనుంది, పోరా" అని మొహం తిప్పుకుంది. దారి పొడుగునా ఆ చెంప మండుతూనే ఉంది.

బడి ముందు అంబులెన్సు. అందులో ఆక్సిజన్ ముసుగుతో ఓటిస్. పక్కన పాలిపోయిన వెండెల్.

"అమ్మా! నన్ను సైరను మోగించనిచ్చారు!" అంటూ వాడు ముసుగు తీశాడు.

ఆ నీలాన్ని కొరీన్ గుర్తుపట్టింది. నిన్నటినుంచి ఎంత తోమినా తన గోళ్ళని వదలని నీలం అది.

"నాలుక చాపు." తారురోడ్డులా ఉంది. "ఎన్ని తిన్నావురా?"

"చెయ్యి వెయ్యలేదమ్మా!"

వాణ్ణి గట్టిగా వాటేసుకుని భోరుమంది. సంచీ నలిగి, పసుపు ఐసింగంతా నర్సు తెల్లబూట్లమీద పడింది. నర్సు తడిగుడ్డతో ఓటిస్ పెదాలు తుడిస్తే ఆ రంగు గుడ్డకి దిగింది.

"ఇంత రంగు ఎవరు పోశారండీ?" అన్నాడు అంబులెన్సు మనిషి.

క్లాసులో పిల్లలా కొరీన్ చెయ్యెత్తింది.

ఆ కుకీలన్నీ చెత్తబుట్టలో పోసి, లోర్నా కాళ్ళమీద పడాలనుకుంటూ ఇల్లు చేరింది. వీధి నిండా కార్లు. వంటింటి గట్టు నిండా గిన్నెలు. బల్ల చుట్టూ పాస్టరు, అత్తగారు, చర్చి ఆడవాళ్ళు తలలు వంచుకుని ప్రార్థిస్తున్నారు. దిగులుకి ఆకలెక్కువ కాబోలు, పళ్ళెంలో ఒక్క టోపీ లేదు.

అందరూ ఒక్కసారే తలలెత్తారు. "బాబెలా ఉన్నాడమ్మా?" అన్నాడు పాస్టరు, నల్లటి పళ్ళతో.

కొరీన్‌కి నవ్వాగలేదు. చేతుల్లో మొహం దాచుకుంది. "ఏడువు తల్లీ, మనసారా ఏడువు" అని జెనీవా వీపు నిమిరింది. ఇంతలో ఆమె చూపు లోర్నా మీద పడింది. "ఓరి దేవుడా, నీ పెదాలు!"

"మీవో, జెనీవాగారూ?"

అంబులెన్సుకని ఎవరో ఫోను తీశారు. అప్పుడే వెండెల్ వెనకనుంచి ఓటిస్ తొంగిచూసి, "మీరూ తిన్నారా?" అన్నాడు.

సంగతంతా అందరికీ చెప్పాక కొరీన్ తలవంచుకుంది. "క్షమించు లోర్నా. రేపటికి కుకీల్లేవు. ఫోటోల్లో నీ పళ్ళు కూడా..."

లోర్నా ఆ మాట వినిపించుకోలేదు. గట్టుమీది గిన్నెల మూతలు ఒక్కొక్కటే ఎత్తి చూస్తోంది. "పిల్లాడు బాగానే ఉన్నాడుగా. ఇవన్నీ వెనక్కి మోసుకెళ్ళడం ఎవరికి మాత్రం బాగుంటుంది?"

మర్నాడు విందులో కొరీన్ ఇంటినుంచి వచ్చిన వంటల్ని అతిథులంతా మళ్ళీ మళ్ళీ వడ్డించుకుని తిన్నారు. వాటిలో ఆమె చేసినది ఒక్కటీ లేదు.