శుభ్రమైన గుంట

లోకంలో నీళ్లు రెండే రకాలు: మురికి నీళ్లు, పరీక్ష చేసిన నీళ్లు. పుంగనూరు దగ్గర మా ఊరి గుంట రెండో రకంలో చేరేనాటికి (అది 2002), గోవిందమ్మ ఇంట్లో రొయ్యల కూర తగాదా ముదిరి పాకాన పడింది.

"నువ్వు కడుపులో ఉండంగా నేను తినింది ఈ గుంట రొయ్యలే. నీకేమైందప్పా?" అని కొడుకును నిలదీసిందామె.

"అప్పుడు గట్టు మింద పాత బ్యాటరీలు కరిగించే షెడ్డు లేదు కదమ్మా," అన్నాడు సుదర్శన్. "ఆ సీసమంతా పాచికి పట్టుండాది. ఆ పాచి తినే రొయ్యలు పెరుగుతాండాయి."

"సీసం తింటే అంత తెల్లగుంటాయా? సూడు!"

కోడలు శ్వేతకు ఆరో నెల. కూర ఆమె కోసమే వండారు. (ఆమెను ఎవరూ అడగలేదు.)

సుదర్శన్ మూడు సీసాల్లో నీళ్లు, పాచి, రొయ్యలు పట్టుకుని మదనపల్లెలోని నీటి నాణ్యత నిర్ధారణ కార్యాలయానికి వెళ్లాడు. అధికారి లక్ష్మీపతి నీళ్ల సీసా ఒక్కటే తీసుకున్నాడు. పాచి వ్యవసాయం వాళ్లది, రొయ్య చేపల శాఖది, కూరయ్యాక ఆరోగ్య శాఖది అని ఓపికగా వివరించాడు.

వారం తర్వాత ఫలితం వచ్చింది. నీళ్లలో సీసం లేదు.

"పాచి పీల్చేసింది సార్, అందుకే లేదు."

"అంటే పాచి పని చేస్తాండాది," అన్నాడు లక్ష్మీపతి, తన సిబ్బంది వైపు ఒకసారి చూసి.

దాంతో ఉత్తర్వు వెలువడింది. గుంటలోని పాచిని శుద్ధి సిబ్బందిగా గుర్తించారు (జీతం, సెలవులు వర్తించవు). వారికి ఎడతెగకుండా పని కల్పిస్తున్నందుకు షెడ్డుకు ప్రశంసాపత్రం ఇచ్చారు. ఇక రొయ్యలు గుంటలోనే చనిపోతే సీసం తిరిగి నీళ్లలో కలుస్తుంది, గట్టున పారేసినా వానకు మళ్లీ లోపలికే వస్తుంది. కాబట్టి అవి సహజ మరణం పొందకముందే గ్రామస్థులు ఇంటికింత చొప్పున ఆరగించాలి.

"తినిన మనుషుల్ని పరీక్ష చేస్తారా సార్?" అని అడిగాడు సుదర్శన్.

"మనుషులు నీళ్లు కాదు కదప్పా," అన్నాడు లక్ష్మీపతి.

ఆ పూట భోజనాల దగ్గర సుదర్శన్ ఉత్తర్వు చదివి వినిపించాడు. గోవిందమ్మ అడ్డు తగలకుండా మొత్తం విని, కోడలి ముందున్న కూరగిన్నె తన వైపు జరుపుకుంది.

"రేపట్నుంచి మనింటి వంతు నేనొక్కదాన్నే తింటా," అంది, మొగుడూ కొడుకూ కోడలూ వినేటట్టు, గొంతు పెంచకుండా.

"యాలమ్మా? ఎవురూ తినొద్దు. పారేద్దాం."

"పారేస్తే నీళ్లలోకే వస్తాదని ఇప్పుడే కదప్పా చదివితివి. పుట్టే బిడ్డకు తాపేది ఆ నీళ్లే."