తెరవని డబ్బాలు

శుక్రవారం పొద్దున సంతోషి ఒక నిర్ణయం తీసుకుంది. అన్నం డబ్బా బడికి తీసుకుపోవాలి, తెరవకుండా తిరిగి తేవాలి.

కారణం పది రోజుల కిందటిది. పదో తరగతిలో తన పక్కనే కూర్చునే ప్రాణస్నేహితురాలు షెకీనా ఇద్దరి ఫొటో ఇన్‌స్టాలో పెట్టింది. దాని కింద ఎవడో "పక్కన గా వడ్ల గుమ్మి ఎవరు?" అని రాశాడు. తన లావును ధాన్యపు గాదెతో పోల్చిన ఆ మాటను సంతోషి అమ్మ ఫోన్‌లో చూసింది. సాయంత్రానికి ఫొటో మాయమైంది. తన పక్కన కనిపించడం షెకీనాకు నామోషీ అయిందని సంతోషి తేల్చుకుంది. ఆ రోజు నుంచి సగం అన్నమే తింటోంది.

పోయిన శుక్రవారం షెకీనా అసలు డబ్బానే తెరవలేదు. సన్నగా ఉన్న పిల్ల ఇంకా సన్నబడాలని చూస్తోందంటే, అది తనతో పోటీ కాక మరేమిటి?

ఈ శుక్రవారమూ అంతే.

"ఏందే, తినవా?" సంతోషి అనుమానంగా అడిగింది.

"ఇయ్యాల వద్దే. నువ్వు తిను."

"నాకు గూడ వద్దు."

షెకీనా ముఖం చిన్నబోయింది. గెలుస్తున్నానని సంతోషి సంబరపడింది.

శనివారం కూడా షెకీనా డబ్బా తెరవలేదు. సంతోషి పొద్దుటి టిఫిన్ కూడా మానేసింది. సోమవారం ఆటల పీరియడ్‌లో, విమానం ఒకటి బడి మీదుగా దిగుతుండగా, సంతోషి కళ్లు తిరిగి కూలబడింది. లేపడానికి ఉరికిన షెకీనా తనూ తూలి ఆమె మీదే పడింది. సరిత టీచర్ ఇద్దరి తల్లులకూ ఫోన్ చేసింది.

సంతోషి తల్లి జంగమ్మ వస్తూనే షెకీనా తల్లి మీద అరిచింది. "ప్రేమమ్మా! నీ బిడ్డను చూసే నా బిడ్డ తిండి బంద్ వెట్టింది!"

"గదేంది జంగమ్మక్కా! నీ బిడ్డ సరిగ తింటలేదనే నా బిడ్డ ఉపవాస ప్రార్థన వట్టింది. శుక్రవారం శుక్రవారం ఒక్కపూటనే అనుకున్నది. మీ పిల్ల మొత్తానికే మానేసిందని శనివారం, సోమవారం గూడ ఉన్నది!"

సంతోషి తల తిప్పింది. "నాకోసమా? మరి చెప్పొచ్చు కదనే!"

"ఉపవాసం చెప్పుకుంట తిరగొద్దని అమ్మ చెప్పింది."

"ఫొటో ఎందుకు తీసేసినవ్?"

"వాని మాట నువ్వు చూస్తవని తీసేసిన. చూసినవా?"

"చూసుడేంది, స్క్రీన్‌షాట్ గూడ తీస్కున్న."

"పిచ్చిదానా!" షెకీనా ఏడుస్తూనే నవ్వింది. సంతోషి ఆమె డబ్బా లాక్కుని మూత తీసింది. ఇద్దరూ ఒకే డబ్బాలోంచి తిన్నారు. చాలకపోతే రెండోదీ తెరిచారు.

పిల్లలు తినడం చూసి ప్రేమమ్మ కళ్లు ఒత్తుకుంది. ప్రార్థన ఫలించింది కాబట్టి, కృతజ్ఞతగా వచ్చే శుక్రవారం ఇంటిల్లిపాదీ ఉపవాసం ఉంటామని అక్కడికక్కడే ప్రకటించింది.