మోకాలు లోతు మిషను

జలాశయం అడుగున మిగిలిపోయిన లోహపు సామాన్లు సాయంత్రాలు తమ వాళ్లను పిలుస్తున్నాయన్న ఫిర్యాదులు మూడు వేలు దాటాక, ప్రభుత్వం నీలగుంట్ల పునరావాస కాలనీలోని పాత పశువుల ఆసుపత్రిలో మునక వస్తువుల పిలుపుల విభాగాన్ని తెరిచింది. సామాన్లు పిలుస్తున్నాయంటే కాలనీలో ఎవరూ ముక్కున వేలేసుకోలేదు. ఊరు మునిగి ఇరవై ఏళ్లయింది. అన్నేళ్లు నీళ్లలో ఒంటరిగా పడి ఉంటే ఏదైనా పిలుస్తుంది. ఫిర్యాదులన్నీ గట్టు మీద కొత్తగా కట్టిన విడిది హోటలు నుంచే వచ్చాయి. పొద్దుగూకే అందం చూద్దామని అతిథులు పడవెక్కగానే, అడుగు నుంచి ఎవరో పెద్దాయన "ఏమ్రా, గొడ్లకు నీళ్లు పెట్టినావా" అని అడుగుతున్నాడట. పెట్టలేదని చెప్పడానికి వాళ్లకు మొహమాటంగా ఉంటోందట.

విభాగం తలుపు మీద నోటీసు అంటించారు. నెలాఖరులోగా ఎవరి వస్తువు కోసం వాళ్లు దరఖాస్తు పెట్టుకోవాలి, ఆపైన వెతుక్కోవాలి. నీళ్లలో లోహాన్ని పసిగట్టే డిటెక్టరు ప్రభుత్వమే ఇస్తుంది, ఇంటికి ఒకటి. ఎవరూ అడగని వస్తువులను పూడిక తీసే పడవతో పైకి లాగి కరిగించేస్తారు. కరిగించిన వస్తువు పిలవదని ప్రయోగపూర్వకంగా తేలిందని కింద చిన్న అక్షరాల్లో ఉంది.

కాలనీలో మోటార్లు బాగుచేసే మద్దిలేటి ఆ చిన్న అక్షరాలను రెండుసార్లు చదివి వరుసలో నిలబడ్డాడు. అతన్ని పిలిచేది ఒక రాగి చెంబు. నీలగుంట్లలో ఉన్నప్పుడు చేల వెంట తిరిగి మోటార్లు విప్పి, మోకాళ్ల దాకా బురదతో ఇంటికొచ్చేవాడు. అతని భార్య ఈరమ్మ గడప పక్కన ఆ చెంబు నిండా నీళ్లు పెట్టి ఉంచేది. అడుగుల చప్పుడు వినగానే లోపలి నుంచే "ఏమయ్యో, కాళ్లు కడుక్కుని రా" అనేది. ఊరు మునగడానికి మూడేళ్ల ముందే ఆమె జ్వరంతో పోయింది. ఆ తర్వాత చెంబు నింపి గడప పక్కన పెట్టే పని అతనే చేసుకున్నాడు. ఊరు ఖాళీ చేసిన రోజున మంచాలు, మూటలు, తలుపు రెక్కలు కూడా పీకి ట్రాక్టరులో వేశాడు. చివరగా వెనక్కి వెళ్లి, అలవాటు కొద్దీ చెంబు నింపి, ఎవరైనా వస్తే కాళ్లు కడుక్కుంటారని గడప పక్కన పెట్టి వచ్చేశాడు. ఆ తర్వాత ఆ ఇంటికి వచ్చింది నీళ్లే.

వస్తువు ఎవరి చేతిలో ఎక్కువ కాలం ఉంటే వాళ్ల గొంతుతోనే పిలుస్తుందని విభాగం సర్క్యులరులో ఉంది. చెంబు ఈరమ్మ గొంతుతో పిలుస్తుంది. అందుకే పిలుపులు మొదలైన ఈ రెండేళ్లుగా మద్దిలేటి సాయంత్రం పూట ఎంత పెద్ద మోటారు పని వచ్చినా ఒప్పుకోవడం లేదు.

దరఖాస్తు నింపే జూనియర్ అసిస్టెంటు ఫర్జానా ఐదో గడి దగ్గర ఆగింది. "ఇక్కడ వస్తువు పిలిచే పేరు రాయల్ల. ఏమని పిలుస్తాది?"

"ఏమయ్యో అంటాది మేడం."

"మద్దిలేటీ అనదా?"

"మా ఆడోళ్లు మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తారా మేడం?"

ఫర్జానా నిట్టూర్చింది. ఐదో గడిని తయారుచేసినవాళ్లు ఈ సంగతి ఆలోచించలేదు. కాలనీలో రెండు వందల మంది మగవాళ్లు ఏమయ్యో అనే పిలుపు తమదేనని రాయించారు. పై అధికారులకు రాయగా, పేరు లేని పిలుపు విషయంలో దరఖాస్తుదారు ఉద్యోగి ఎదుట నీటి అంచున నిలబడి బదులు పలకాలనీ, వస్తువు తిరిగి మాట్లాడితే హక్కు రుజువైనట్టేననీ జవాబు వచ్చింది.

ఆ సాయంత్రం ఇద్దరూ గట్టు దిగారు. నీళ్లు నిలకడగా ఉన్నాయి. కాసేపటికి అడుగు నుంచి గిన్నెల చప్పుడు, ఎవరిదో దగ్గు, ఆ తర్వాత నెమ్మదిగా ఆమె గొంతు వచ్చాయి. "ఏమయ్యో."

"వచ్చినా," అన్నాడు మద్దిలేటి. ఆ మాట అని ఇరవై మూడేళ్లయింది.

"కాళ్లు కడుక్కుని రా. బువ్వ సల్లగైతాంది."

ఫర్జానా ఐదో గడిలో "బదులు వచ్చినది" అని రాసి, తేదీ వేసి, అతని వైపు చూడకుండా కాసేపు కలం మూత వెతుక్కుంది. మద్దిలేటి తుండుతో ముఖం తుడుచుకున్నాడు. ఈరమ్మ పోయినప్పుడు కూడా అతను అంతగా ఏడవలేదు. అప్పుడు ఇల్లుండేది, చెంబుండేది, ఏడవడానికి తొందర లేకపోయింది.

మర్నాడు డిటెక్టరు ఎంచుకోవడానికి వెళ్తే, వరుసలో అతని ముందు సుంకన్న నిలబడి ఉన్నాడు. పాత ఊర్లో పక్కింటివాడు. తండ్రి గడ్డపార దొరకడంతో మిషను వాపసు చేయడానికి వచ్చాడు.

"దొరికిందంట కదప్పా," అన్నాడు మద్దిలేటి.

"దొరికింది. నెంబర్ వన్ మిషను తీసుకుంటి. అర్ధగంట గూడా పట్టలే."

"ఏమంటాంది?"

"ఏమీ అనదు. నీళ్లలో ఉన్నన్నాళ్లూ దినామూ మా నాయన తిట్లే. ఇంటికి తెచ్చినంక గడ్డపార గడ్డపార లెక్కనే ఉండాది. మొన్న నేనే దాన్ని తిట్టి సూస్తి, రోషమొచ్చన్నా మాట్లాడ్తాదేమోనని." సుంకన్న చేతిలోని మిషనును అటూ ఇటూ మార్చుకున్నాడు. "దీంట్ల తప్పేం లేదన్నా. మంచి మిషనే."

ఒకప్పుడు దూడలకు సూదులు వేసిన బల్ల మీద ఫర్జానా మూడు డిటెక్టర్లు పెట్టింది. ఒకటో రకం ఎంత లోతుకైనా పోతుంది, మేకు కనిపించినా మోగుతుంది. రెండో రకం తెలివైనది. ఇనుమును పట్టించుకోదు, ముందుగా రాగి ముక్క చూపిస్తే రాగికే మోగుతుంది. మూడో రకంలో కింది చట్రం మాత్రమే తడవచ్చు, పైన ఉండే డబ్బాలోకి నీళ్లు పోతే పాడైపోతుంది. మోకాలు లోతు దాటి దిగకూడదు.

మద్దిలేటి ముప్పై ఏళ్లుగా మోటార్లు విప్పుతున్నవాడు. రెండో రకాన్ని చేతిలోకి తీసుకుని అతుకులు, రబ్బరు బిగింపులు, తీగ లోపలికి పోయే చోటు చూశాడు. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. దీంతో దిగితే చెంబు గంటలో చేతికొస్తుందని అతనికి అర్థమైంది. చెయ్యి కాలినట్టు బల్ల మీద పెట్టేశాడు.

"మన ఊరి మీద ఇప్పుడెన్ని అడుగుల నీళ్లుండాయి మేడం?"

"నలభై రెండు."

"మరి మోకాలు లోతు మిషను ఎవురి కోసరం తెప్పించినారు?"

ఫర్జానా రిజిస్టరు తిరగేసింది. "ఒకటో రకం సుంకన్న తీసుకున్నాడు. రెండో రకం ఇద్దురు. మూడో రకం మున్నూట పద్నాలుగు ఇండ్లు." ఇంకో పేజీ తిప్పింది. "వెతుకులాట నడుస్తాన్నంత కాలం ఆ వస్తువు జోలికి పడవ పోగూడదు. తొమ్మిదో నిబంధన. ఆర్నెల్లకొకసారి వచ్చి ఇంకా దొరకలేదని రాసియ్యల్ల. అంతే."

"అబద్ధం రాసినట్టు కాదా?"

"దొరకదు కదన్నా. అబద్ధమెట్లయితాది?"

మద్దిలేటి మూడో రకం తీసుకుని సంతకం పెట్టాడు.

అప్పటి నుంచి రోజూ సాయంత్రం కాలనీ మొత్తం గట్టు దిగి, పంచెలూ చీరలూ పైకి దోపుకుని, అంచు వెంబడి మోకాలు లోతులో నిలబడి మిషన్లు ఊపుతోంది. సోడా మూతలు, గాలాలు, ఒకసారి హోటలు వాళ్ల చెంచా దొరికాయి. దొరికినవాటిని దొరికినట్టే విభాగానికి అప్పజెప్పారు. అడుగు నుంచి తల్లులు, మామలు, తాతలు పిలుస్తుంటే పైన వీళ్లు పలుకుతున్నారు. పాత ఊర్లో సాయంత్రం సందడి సరిగ్గా ఇలాగే ఉండేదని పెద్దవాళ్లు అంటే, నీళ్లు తప్ప అని ఎవరూ అనడం లేదు. హోటలు వాళ్లు కూడా ఫిర్యాదు వెనక్కి తీసుకుని, ఆ దృశ్యానికి ఎదురుగా కుర్చీలు వేయించారు.

మే నెలలో గేట్ల మరమ్మతు కోసం నీళ్లన్నీ వదిలేస్తారన్న ప్రకటన వచ్చింది. మద్దిలేటి ఇంటికొచ్చి వేళ్ల మీద అడుగులు లెక్కేసుకున్నాడు. రెండో వారానికి అతని గడప మీద నీళ్లు మోకాలు లోతుకు వస్తాయి. అప్పుడు మూడో రకం కూడా మోగుతుంది. మోగాక దొరకలేదని రాయడానికి వీల్లేదు.

కాలనీ వాళ్లు ఆ మధ్యాహ్నమే అర్జీ రాశారు. ఇరవై ఏళ్ల కిందట గేట్లు మూసి ఊరు ముంచొద్దని వాటి ముందు అడ్డంగా పడుకుని లాఠీ దెబ్బలు తిన్న పదకొండు మందిలో మద్దిలేటి ఒకడు. ఇప్పుడు తమ ఊరి మీద నీళ్లు తగ్గించవద్దనీ, వీలుంటే ఇంకో పదడుగులు పెంచాలనీ కోరుతూ మొదటి సంతకం అతనే పెట్టాడు. కాలనీకి మంచినీళ్ల కుళాయి కావాలన్న అర్జీకి పంతొమ్మిదేళ్లుగా జవాబు లేదు. ఈ అర్జీ మూడు రోజుల్లో మంజూరైంది. నిర్వాసితులు ప్రాజెక్టును మనస్ఫూర్తిగా స్వాగతించారని జిల్లా కార్యాలయం ఫోటోతో సహా ప్రకటన విడుదల చేసింది. ఫోటోలో మద్దిలేటి రెండో వరుసలో, మిషను పట్టుకుని ఉన్నాడు.

ఆ సాయంత్రం నీళ్లు నిండుగా ఉన్నాయి. మద్దిలేటి అందరికంటే ముందుగా దిగి మోకాలు లోతులో నిలబడ్డాడు.

"ఏమయ్యో," అంది ఈరమ్మ. "యాడుండావ్?"

"ఈడనే. వస్తాండా."

"కాళ్లు కడుక్కున్యావా?"

మద్దిలేటి నీళ్లలో ఉన్న తన కాళ్లను చూసుకున్నాడు.

"ఇంగా లేదు," అన్నాడు.