పొట్టి పేరెంట్, మాయమైన చైల్డ్

నేరం చేసి భూతద్దం బాబాయి కంటపడకుండా తప్పించుకున్నవాడు ఇంతవరకూ పుట్టలేదు. పుట్టినా ఉయ్యాల్లోనే దొరికిపోతాడు. ఈ మాట అన్నది ఊళ్ళోవాళ్ళు కాదులెండి, బాబాయే. రోజూ పళ్ళు తోముకుంటూ అద్దానికి చెప్పుకుంటాడు. పాల ప్యాకెట్లు మాయమవుతున్నాయని మూడు రోజులు మెట్ల కింద నక్కి కూచున్న మహానుభావుడు మరి! ఆ ప్యాకెట్లని సాక్ష్యానికి పనికొస్తాయని ఎత్తుకొచ్చి తన ఫ్రిజ్‌లో దాచిందీ ఆయనే, అది వేరే సంగతి.

ఆ మధ్యాహ్నం బాబాయి హాల్లోకి వచ్చేసరికి, అన్న కూతురు కంప్యూటర్ ముందు కూచుని ఫోన్లో స్నేహితురాలికి గోడు వెళ్ళబోసుకుంటోంది. ఆ అమ్మాయి వెబ్ పేజీలు తయారుచేస్తుంది. ఇప్పుడు చేస్తున్నది గడియారాల దుకాణం పేజీ, మొదటిసారి ఒంటిచేత్తో నెత్తికెత్తుకున్న పని. మూడింటికి మేనేజరమ్మకి చూపించాలి. చూపించలేదో, పని ఇంకొకరి చేతికి పోతుంది.

"చైల్డ్ కనబడట్లేదే! కంటైనర్లోనే ఉంది, నాకు తెలుసు. పేరెంట్‌కి హైట్ లేదు, ఎంత ఇచ్చినా పుచ్చుకోదు! మూడింటిలోపు దొరక్కపోతే నా పని అయిపోయినట్టే!"

పేజీలో పెద్ద పెట్టె, దాని లోపల చిన్న పెట్టె ఉంటాయనీ, పెద్దదాన్ని కంటైనరనీ పేరెంటనీ, చిన్నదాన్ని చైల్డనీ పిలుస్తారనీ బాబాయికేం తెలుసు? ఆయన జేబులోంచి భూతద్దం బయటికి లాగాడు. పసిబిడ్డని ఎత్తుకుపోయారు! కంటైనర్ లారీలో కుక్కారు! మూడింటికి గడువు! తల్లి పొట్టిది!

ఒక్క ఉరుకున వంటింట్లోకి వెళ్ళాడు.

"ఏమేవ్, మన మేడలో పొట్టివాళ్ళెవరు?"

"నన్ను ఎదురుగా పెట్టుకుని మేడంతా వెతకడం ఎందుకండీ?" అంది పిన్ని.

"నిన్నూ అనుమానించక తప్పదు. చట్టానికి పెళ్ళాం ఉండదు!"

"ఉంటే ఇన్ని వేషాలు వెయ్యనిచ్చేది కాదు."

పది నిమిషాల్లో పిన్ని, కింది ఇంటి కుట్టుమిషనమ్మ, ఎదురింటి సంగీతం టీచరు హాల్లో గోడవారగా నిలబడ్డారు. ముగ్గురూ ముగ్గురే, గడప ఎక్కితే గానీ గొళ్ళెం అందదు.

"నిజం చెప్పండి. బిడ్డని పోగొట్టుకున్నది ఎవరు?" అని గర్జించాడు బాబాయి.

"మావాడికి ముప్ఫై ఏళ్ళండీ," అంది కుట్టుమిషనమ్మ. "ఎవరైనా ఎత్తుకుపోతానంటే నేనే లారీ ఎక్కించి పంపుతా."

"బాబాయ్, కాస్త నెమ్మది! ఇక్కడ నా కొంప మునుగుతోంది!"

"భయపడకమ్మడూ, నేనున్నాను."

"అదే కదా నా భయం!"

బాబాయి టేపు తీసి కొలవబోయాడు. కుట్టుమిషనమ్మ భుజం పిన్ని చెవికి అడ్డం, పిన్ని కొప్పు టీచరు మొహానికి అడ్డం. టీచరేమో మునివేళ్ళ మీద లేస్తోంది.

"టీచరుగారూ, కాళ్ళు దించండి!"

"దించే ఉన్నాయండీ, నా ఎత్తే ఇంత!"

బాబాయికి చిర్రెత్తుకొచ్చింది. "ఇలా లాభం లేదు. లైన్లో నిలబెట్టినంతసేపూ ఎవరి హైటూ తేలదు! లైన్లోంచి తీసి విడిగా నిలబెట్టాల్సిందే!"

కీబోర్డు చప్పుడు ఠక్కున ఆగింది.

"బాబాయ్! ఏమన్నావ్?"

"తప్పేమైనా అన్నానా అమ్మడూ?"

"లైన్లోంచి తియ్యాలి! అంతే! ఈ పెట్టె నేను సొంతంగా కట్టింది. విడిగా నిలబడమని మనం చెప్పకపోతే, అక్షరాల పక్కన అక్షరంలా లైన్లోనే నిలబడిపోతుంది. లైన్లో ఉన్నదానికి ఎంత హైట్ ఇచ్చినా లెక్కలోకి రాదు! పొద్దుట్నించీ హైట్లు ఇచ్చి ఇచ్చి చస్తున్నా!"

టకటకా ఒక్క మాట కొట్టింది. దారప్పోగులా పడి ఉన్న పెద్ద పెట్టె ఒక్కసారిగా నిలువెత్తున లేచింది. దాని పొట్టలో చిన్న పెట్టె, అందులో గోడగడియారం బొమ్మ!

మూడింటికి పేజీ చూసిన మేనేజరమ్మ, మిగతా పేజీలు కూడా నువ్వే చేసెయ్ అంది. అమ్మాయి ఫోన్ పెట్టేసి వచ్చి బాబాయి మెడ చుట్టూ చేతులు వేసేసింది.

"చైల్డ్ దొరికింది బాబాయ్! అంతా నీ చలవే."

"నాకు తెలుసు," అన్నాడు బాబాయి గంభీరంగా. "ఏదీ, ఓసారి బిడ్డ మొహం చూడనీ."

"ఇదిగో. ఈ పెద్దది తల్లి, లోపలున్నది పిల్ల."

బాబాయి భూతద్దం పెట్టి చూశాడు. ఒక చదరం. అందులో ఇంకో చదరం. వెనకాల ముగ్గురు పొట్టివాళ్ళూ ఆయన వంకే చూస్తున్నారు. అంత పేరున్నవాడు అందరి ముందూ తెల్లబోతే ఏం బావుంటుంది చెప్పండి?

"సందేహం లేదు," అన్నాడు గొంతు సవరించుకుని. "నాలుగు మూలలూ అచ్చం తల్లి పోలికే."